సీటు విప్పే ముందు

మా నాయన వనపర్తిలో జట్కాబండ్లకు మెత్తలు కుట్టేవాడు. నేను లారీలు, బస్సుల సీట్లతో మొదలుపెట్టి పాత అమెరికన్ కార్ల సీట్ల దగ్గర స్థిరపడ్డాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో మూడు వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ నా పనికి మాత్రం ఇదంతా ఒకటే సీమ. పాత సంస్థానాల నేల కావడం వల్లనో ఏమో, పెద్దిళ్ల వెనక కొట్టాల్లో, మూతపడిన రైసుమిల్లుల్లో ఇప్పటికీ ఒక షెవర్లేనో, ఒక డాడ్జో, ఒక విల్లీస్ జీపో బయటపడుతుంది. ఇంజను బాగుచేసేవాడు దొరుకుతాడు. రంగు కొట్టేవాడు దొరుకుతాడు. సీటు దగ్గరికి వచ్చేసరికి అందరూ నిలబడిపోతారు. దాని సామాను ఎక్కడ దొరుకుతుంది, అచ్చం పాతదానిలాంటిది ఎవరు చేస్తారు అని అడుగుతారు. కుషన్ పని నేర్చుకుంటామని ఇప్పటికీ నా దగ్గరికి వచ్చే పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. విప్పిన గుడ్డను పారేయకు.

ఇది మొదట చెబుతున్నాను, ఎందుకంటే నాకు ఎక్కువ నష్టం చేసింది ఇదే. 1950ల నాటి డాడ్జ్ కింగ్స్‌వే ఒకటి నా షెడ్డుకు వచ్చింది. వెనక సీటులో ఎలుకలు గూడు పెట్టాయి. దూది నల్లబడి కంపు కొడుతోంది. ముట్టుకోబుద్ధి కాక గుడ్డ, గోనెపట్ట, దూది అంతా ఊడబెరికి ఆ సాయంత్రమే షెడ్డు వెనక తగలబెట్టించాను. మర్నాడు యజమాని వచ్చి, "అసలు ఎట్లుండెనో అట్లనే కావాలె" అన్నాడు. కుట్టు ఎక్కడ పడిందో, పైపింగు ఏ అంచున తిరిగిందో, కూర్చునే భాగానికీ ముందు పట్టీకీ మధ్య అతుకు ఎన్ని అంగుళాల దగ్గర ఉందో చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క మిగల్లేదు. తోచినట్టు నిలువు మడతలు పెట్టి కుట్టాను. చూసినవాళ్లంతా బాగుందన్నారు. చాలా ఏళ్లకు కర్నూలులో అదే మోడల్ కారు, చెక్కుచెదరని సీట్లతో, కంటపడింది. దానికి మడతలే లేవు. మధ్యలో సాదా గుడ్డ, చుట్టూ రెక్సిను. నేను కుట్టింది వేరే కారు సీటు. అప్పటికి ఆ యజమాని పోయాడు. ఆ మాట చెప్పుకోవడానికి కూడా మనిషి లేకపోయాడు.

అందుకే చెబుతున్నాను బిడ్డా, గుడ్డ ఎంత చివికినా సరే, లాగకు. బ్లేడుతో కుట్టు కోసి ఒక్కో ముక్క విడదీయి. విడదీయకముందే ప్రతి ముక్క మీద చాక్‌పీసుతో ఎడమా కుడీ, ముందూ వెనకా రాసుకో. నూగు ఉన్న గుడ్డయితే నూగు ఏ వైపు వాలిందో బాణం గుర్తు వేయి. రెండు ముక్కల నూగు ఎదురెదురు పడితే ఒకే తాను రెండు రంగులుగా కనిపిస్తుంది. డ్రైవరు కూర్చున్న సగం సాగిపోయి ఉంటుంది, దాని కొలత నమ్మకు. బెంచీ సీటు రెండు సగాలూ సమానంగా ఉంటాయి కాబట్టి, తక్కువ వాడిన సగాన్ని ఖాకీ కాగితం మీద పరిచి గీసి, కాగితాన్ని మధ్యకు మడిచి కత్తిరిస్తే మొత్తం సీటు నమూనా వస్తుంది. కుట్టు వరకు ఒక గీత, కుట్టుబడికి వదిలిన అంచు వరకు ఇంకో గీత వేయి. రంగు తెలియాలంటే సీటు పైన చూడకు. కిందికి మడిచి తీగలకు బిగించిన అంచు తీసి చూడు. ఎండ తగలని ఆ రెండంగుళాల్లో ఫ్యాక్టరీ రంగు అలాగే ఉంటుంది.

2. కారు పేరును కాదు, పుట్టుకను వెతుకు.

కింగ్స్‌వేకు సామాను కావాలని అమెరికాలో డాడ్జ్ పేరు మీద వెతికినవాళ్లు చాలామంది మోసపోయారు. మోసం చేసింది ఎవరూ కాదు, పేరే. క్రైస్లర్ కంపెనీ విదేశాలకు పంపడం కోసం ప్లిమత్ కారునే కొద్దిపాటి మార్పులతో డాడ్జ్ కింగ్స్‌వే అనీ, డిసోటో డిప్లొమాట్ అనీ పేర్లు మార్చి పంపింది. అమెరికాలో అమ్మిన అసలు డాడ్జ్ ఇంతకంటే పెద్ద బండి. దాని సీటు కవరు తెప్పిస్తే మన కారుకు పట్టదు. అదే ఏడాది ప్లిమత్ నాలుగు తలుపుల సెడాన్ కవరు చూడాలి. ఈ ఒక్క ముక్క తెలియక ఎంత డబ్బు సముద్రం దాటి వెళ్లిందో!

మన దగ్గర ఈ కార్లు ఎలా వచ్చాయో కూడా తెలుసుకుని ఉండాలి. ఫోర్డ్ 1926లో, జనరల్ మోటార్స్ 1928లో మన దేశంలో అడుగుపెట్టాయి. జనరల్ మోటార్స్ బొంబాయి శివరీలో విడిభాగాలు తెచ్చి కార్లు బిగించేది. 1947 నుంచి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ డాడ్జ్, ప్లిమత్, డిసోటోలను బిగించింది. హిందుస్థాన్ మోటార్స్ స్టూడిబేకర్లు బిగించింది. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చాక, ఇక్కడే తయారీకి సిద్ధపడని కంపెనీలకు దారి మూసుకుపోయింది. 1954కల్లా ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ ఇక్కడి పని ఆపేశాయి. మన పక్క అమెరికన్ కార్లకు అసలు సామాను కరువు మొదలైంది అప్పుడే. ఆ తర్వాత సీట్లను చేతికందిన గుడ్డతో కుట్టుకుంటూ వచ్చారు. అందువల్ల నువ్వు విప్పే సీటు మీద ఉన్నది మూడో కవరో నాలుగో కవరో కావచ్చు. కింద ఇంకో పొర ఉందేమో వెతకనిదే ఇదే అసలుదని తీర్పు చెప్పకు.

షెవర్లే, బ్యూయిక్ లాంటి జనరల్ మోటార్స్ కార్లకు బానెట్ ఎత్తగానే ఇంజను వెనక గోడ మీద ఫిషర్ బాడీ రేకు ఒకటి రివెట్లతో బిగించి ఉంటుంది. బాడీ నంబరు, రంగు నంబరుతో పాటు ట్రిమ్ నంబరు కూడా అందులో ఉంటుంది. సీటు గుడ్డ ఏ రకం, ఏ రంగు అన్నది ఆ ట్రిమ్ నంబరే చెబుతుంది. జనరల్ మోటార్స్ హెరిటేజ్ విభాగం పాత మోడళ్ల వివరాల పుస్తకాలను ఉచితంగా అందుబాటులో ఉంచింది, వాటితో సరిచూసుకోవచ్చు. కానీ ఇక్కడ బిగించిన కారుకు ఇక్కడి గుడ్డే వేసి ఉండొచ్చు, అమెరికా పుస్తకంతో కలవాలని లేదు. రేకూ సీటూ రెండు మాటలు చెబితే నేను సీటు మాటే నమ్ముతాను.

ఇంకొకటి. అమెరికాలో కొత్తగా అచ్చు తీసి అమ్మే సీటు సామానులో ఎక్కువ భాగం రెండు తలుపుల కార్లకూ, టాపు తీసే కార్లకూ దొరుకుతుంది. అక్కడ వాటికే గిరాకీ. వెనక్కి ఎక్కడానికి వీలుగా రెండు తలుపుల కారులో ముందు సీటు వీపు రెండు ముక్కలుగా ముందుకు వాలుతుంది. మన దగ్గర మిగిలినవి ఎక్కువగా నాలుగు తలుపుల సెడాన్లు, వాటికి వీపు ఒకటే పలక. బొమ్మ చూసి కొనేవాడు ఇక్కడ చిక్కుకుంటాడు. స్టీరింగు కుడివైపు కావడంతో సీటును ముందుకూ వెనక్కూ జరిపే మీట కూడా మనకు కుడివైపు ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే పట్టాలకు మీట ఎడమవైపు ఉంటుంది. దాన్ని తిప్పి బిగించడం లేత్ పనివాడికి తెలుసు, కవరుకు ఆ వైపు వదలాల్సిన కోత మాత్రం నువ్వే గుర్తుపెట్టుకోవాలి.

3. స్ప్రింగు సంగతి తేలకముందు గుడ్డ మాట ఎత్తకు.

యజమానికి గుడ్డే కనిపిస్తుంది, రంగే అడుగుతాడు. నువ్వు మాత్రం కింద నుంచి మొదలుపెట్టు. ముందు ఇనుప చట్రం, దాని మీద చుట్ట స్ప్రింగులు లేదా పాము మెలికల స్ప్రింగులు, వాటి మీద గోనెపట్ట, పైన దూది పొర, ఆఖరున గుడ్డ. ఈ వరుసలో ఏది చచ్చినా పైనున్నది నిలవదు. గోనెపట్ట చినిగితే దూది స్ప్రింగుల మధ్యకు జారిపోతుంది, స్ప్రింగు కొన గుడ్డను పొడుస్తుంది. మన దగ్గర చాలామంది చేసే పని ఏమిటంటే, స్ప్రింగులు మొత్తం పీకేసి చెక్క పలక బిగించి స్పాంజి దిమ్మ పెట్టేయడం. పని తొందరగా తెములుతుంది. కానీ సీటు ఎత్తు మారుతుంది, స్టీరింగు తొడలకు తగులుతుంది, తెచ్చిన కవరు ఏదీ సరిపోదు. పీకిన స్ప్రింగులు తుక్కు కింద పోయాక మళ్లీ రావు.

విరిగిన స్ప్రింగుకు సాయం ఇంకో పాత సీటు నుంచే వస్తుంది. ఒకే మందం తీగ, ఒకే ఎత్తు, ఒకే చుట్లు చూసుకుంటే ఏ కారుదైనా పనికొస్తుంది. హైదరాబాద్ రాణిగంజ్‌లో, చెన్నై పుదుపేటలో, విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే కారు పేరు చెప్పి అడగకు, తీగ చేతిలో పెట్టి అడుగు. చట్రానికి వెల్డింగు పెట్టేటప్పుడు స్ప్రింగుకు వేడి తగలనివ్వకు. కాలిన స్ప్రింగు బిగువు పోతుంది. గోనెపట్ట స్థానంలో నేను కొన్నిసార్లు మన కురుమలు నేసే నల్ల గొంగడి వేశాను. ముతక ఉన్ని, ఏళ్ల తరబడి చినగదు. పురుగు పట్టకుండా ముందే బాగా ఉతికి ఎండబెట్టాలి. బూరుగు దూది మాత్రం వద్దు. మొదట్లో పరుపులా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి ఉండలు కట్టి ఒక మూలకు చేరుతుంది.

4. గాలికి కిరాయి కట్టకు.

విదేశం నుంచి పార్సిల్ వచ్చేటప్పుడు కొరియరువాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు ఆక్రమించిందో కూడా లెక్కకడతారు. స్పాంజి దిమ్మ తూకానికి ఏమీ ఉండదు, పెట్టె మాత్రం మంచమంత. దాని మీద సుంకం కలిస్తే, ఇక్కడ మంచి గట్టి స్పాంజి కొని కత్తితో కోసుకునే ఖర్చుకు ఎన్నో రెట్లు. కవర్లు మడతపెడితే చిన్న పెట్టెలో వస్తాయి, అవి తెప్పించు. సీటు పక్కన బిగించే ప్లాస్టిక్ పలకలు, గుబ్బలు, క్రోము పట్టీలు తెప్పించు. గుడ్డను చట్రం తీగకు బిగించే చిన్న వంపు తీగల కోసం మాత్రం అంత దూరం పోవద్దు. ఇనుపకొట్టులో తీగ తీసుకుని వంచుకోవచ్చు, బిగించే పకారు ఒక్కటి మంచిది ఉంటే చాలు.

మనం ఇక్కడ కుట్టలేనివీ ఉన్నాయి. 1960లకు వచ్చేసరికి అమెరికాలో చాలా సీట్లకు దారపు కుట్టు తగ్గి, రెక్సిను మీద లోహపు అచ్చు పెట్టి విద్యుత్ వేడితో గీతలు ఒత్తడం వచ్చింది. 1965 ఫోర్డ్ మస్టాంగ్ ఖరీదైన రకంలో సీటు వీపు మీద పరుగెత్తే గుర్రాలు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. అది సూదితో వచ్చేది కాదు. అలాంటిదైతే బేరం ఆడకుండా అక్కడి కవరే కొను. మస్టాంగ్‌కు, 1955 నుంచి 1957 దాకా వచ్చిన షెవర్లే బెల్ ఎయిర్‌కు అక్కడ దొరకని సీటు సామాను దాదాపు లేదు. ఇబ్బంది అంతా మనకు మిగిలిన సాదా సెడాన్లతోనే.

కొనదలిచినదాన్ని ఆలస్యం చేయకు. మసాచుసెట్స్‌లోని ఏమ్స్‌బరీ అనే ఊరు ఒకప్పుడు గుర్రపు బగ్గీలకూ ఆ తర్వాత కారు బాడీలకూ పేరుపడింది. అక్కడి లెబరాన్ బోనీ సంస్థ పాత ఫోర్డ్ కార్లకు గుడ్డ, కవర్లు, నమూనాలు తయారుచేసి అమ్మేది. 2019లో అది మూతపడింది. ఇంకో ఏడాది ఆగి కొందామనుకున్నవాళ్లు అక్కడే నిలిచిపోయారు.

5. గుడ్డను చదవగలిగినవాళ్లు పక్క ఊళ్లోనే ఉంటారు.

ఒక షెవర్లే వెనక సీటు కింద నుంచి అరచేతంత ముక్క దొరికింది. బూడిదరంగు మీద సన్నని చారలు. ఏ నూలో, ఏ నేతో నాకు తెలియలేదు. హైదరాబాద్‌లో చూపిస్తే ఉన్ని అని ఒకరు, నైలాన్ అని ఒకరు చెప్పారు. చివరికి గద్వాలలో చీరలు నేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు పోగుపోగుకూ కలిపి నేసే చేతులవి. ఆయన ముక్కను వెలుతురుకు ఎత్తి చూసి, అంచు నుంచి ఒక పోగు లాగి పురివిప్పాడు. పడుగు నూలు, పేక ఉన్ని అని చెప్పాడు. ఏ చార ఎన్ని పోగులకు ఒకసారి తిరిగిందో లెక్కపెట్టి నా పుస్తకంలోనే రాయించాడు. నేను ఇన్నేళ్లూ గద్వాల మీదుగా కర్నూలుకూ హైదరాబాద్‌కూ తిరిగాను గానీ ఆ మగ్గాల ముందు ఆగి అడగాలని తట్టలేదు. ఆయనను ముప్పై ఏళ్ల వయసులో కలిసి ఉంటే నా పని వేరేలా ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పోగు కాల్చి చూడడం కూడా నేర్చుకో. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి ఉండ వేళ్ల మధ్య పొడి అవుతుంది. నూలు, రేయాన్ కాగితంలా కాలతాయి. నైలాన్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. 1930లు, 40ల కార్లలో ఉన్ని బ్రాడ్‌క్లాత్ లేదా అంగోరా మేక వెంట్రుకలతో నేసిన మొహెయిర్ ఎక్కువ. 1950ల నుంచి రేయాన్, నైలాన్ కలిపిన బొమ్మల గుడ్డలు, అంచులకు రెక్సిను. అమెరికా సీటు గుడ్డ పన్నా సాధారణంగా 54 అంగుళాలు. చీర మగ్గం అంత వెడల్పు నేయదు. కాబట్టి మన మగ్గం మీద నేయించుకోవాలంటే అతుకులు ఎక్కడ పడతాయో కాగితం నమూనా మీద ముందే తేల్చుకోవాలి. అసలు అతుకు ఉన్నచోటే మన అతుకు పడితే ఎవరికీ తెలియదు.

దారం విషయం ఒక్క మాటలో చెబుతాను. పాలమూరు ఎండకు అద్దం చాటున నూలు దారం పొడైపోతుంది. గుడ్డ పాతకాలందే వేయి, దారం మాత్రం మంచి పాలిస్టరే వాడు.

6. జీపును చిన్నచూపు చూడకు.

కార్ల పని దొరికాక జీపు పనిని నేను తక్కువగా చూశాను, వచ్చినవాళ్లను పక్క షెడ్డుకు పంపాను. అది తప్పు లెక్క. అమెరికన్ బండ్లలో అచ్చం పాతదానిలాంటి సీటు సామాను మన దేశంలోనే దొరికేది జీపుకు ఒక్కదానికే. 1947లో మహీంద్రావాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. సీజే-3బి రకం అమెరికాలో 1968లో ఆగిపోయినా మన దగ్గర ఆ తర్వాత దశాబ్దాల పాటు తయారైంది. అందుకే సీటు గొట్టాల చట్రాలు, కాన్వాసు, హుడ్డు బట్ట ఇక్కడే తయారవుతాయి. మన జీపు సామాను అమెరికాకు కూడా ఎగుమతి అవుతుంది. ఒకటే జాగ్రత్త చెబుతాను. యుద్ధకాలపు విల్లీస్ ఎంబీకి పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది, మెత్త పైకెత్తి పెట్రోలు పోయాలి. ఆ మెత్తను చట్రానికి శాశ్వతంగా బిగించి కుట్టిన పని నేను చూశాను. పెట్రోలు బంకులో కుట్లు విప్పాల్సి వచ్చింది.

7. అమెరికాలో ఉన్నవాళ్లకు కారు పేరు కాదు, కొలత పంపు.

ఇప్పుడు ఈ మూడు జిల్లాల్లో ప్రతి ఊరి పిల్లలూ అక్కడ ఉన్నారు. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లోనే పనిచేసేవాళ్లు ఉన్నారు. ఏటా అక్టోబరులో పెన్సిల్వేనియాలోని హెర్షీలో పాత కార్ల సామాను సంత జరుగుతుంది, విడిభాగాలు నేల మీద పరిచి అమ్ముతారు. అలాంటిచోటికి వెళ్లే పిల్లవాడికి "షెవర్లే సీటు చూడరా" అని చెబితే వాడు ఏం చూస్తాడు? పట్టా రంధ్రాల మధ్య దూరం, చట్రం వెడల్పు, వీపు ఎత్తు కొలిచి పంపు. పట్టీ కావాలంటే కాగితం మీద పెట్టి గీసి ఫోటో పంపు, పక్కన స్కేలు పెట్టి తీయి. రంగు చెప్పాలంటే ఫోను ఫోటో నమ్మకు, గుడ్డ ముక్కే పోస్టులో పంపు. వాళ్లు సెలవుకు వచ్చేటప్పుడు పెట్టెలో పెట్టుకొచ్చిన చిన్న వస్తువులతో నేను కొన్ని కార్లు పూర్తి చేశాను. వాళ్లకు ఇవ్వాల్సిన డబ్బు ఇంటి పిల్లలని ఆలస్యం చేయకు. ముందే ఇచ్చేయి.

8. దొరకనిదాన్ని దొరికినట్టు చూపించకు.

యాభై ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ పెట్టింది. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదని షరతు. అప్పటి నుంచి యజమానులకు పాతదనం మీద శ్రద్ధ పెరిగింది, అది మంచిదే. దాంతో పాటు కొత్తగా కుట్టినదాన్ని ఫ్యాక్టరీదని చెప్పి అమ్మే ఆశ కూడా పెరిగింది. నువ్వు కుట్టిన సీటు కింద, చట్రానికి, ఒక చిన్న చీటీ కుట్టు. ఏ ఏడాది కుట్టావో, ఏ గుడ్డ కొత్తదో, ఏ స్ప్రింగు వేరే కారుదో రాయి. ఆ సీటును ఇంకో నలభై ఏళ్లకు విప్పేవాడు ఎవడో నీకు తెలియదు. నాలాగా వాడు ఊహ మీద కుట్టాల్సిన అవసరం రాకూడదు.

నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ఇంటివారి 1951 షెవర్లే నాలుగు తలుపుల సెడాన్ ఇప్పుడు నా షెడ్డులో ఉంది. ముందు సీటు పూర్తయింది. వెనక సీటు స్ప్రింగులు కట్టి, గొంగడి పరిచి, పైన తెల్ల గాడా గుడ్డ వేసి ఉంచాను. దానికి సరిపడే బూడిదరంగు చారల గుడ్డ నాలుగు గజాలు కావాలి. గద్వాలలో లెక్కపెట్టించిన పోగుల వివరం నా దగ్గర ఉంది. నీకు ఏ మిల్లులోనైనా, ఏ పాత కారు తలుపు లోపలి అట్ట మీదనైనా అలాంటి గుడ్డ కనిపిస్తే, ముక్క చిన్నదైనా సరే, ఉతక్కుండా నా దగ్గరికి తీసుకురా.